పాత ల్యాప్‌టాప్‌కి కొత్త పోర్టులు: ఎక్స్‌ప్రెస్‌కార్డు ఎంతవరకు పనికొస్తుంది?

పదిహేనేళ్ల నాటి ల్యాప్‌టాప్‌ని ఇంకా వాడుతున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ర్యామ్ పెంచుకున్నారు, హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నారు, బ్యాటరీ మార్చారు. రాసుకోవడానికి, చదువుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి ఆ యంత్రం ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. ఒక్క చోట మాత్రం వయసు బయటపడుతుంది. బయటి హార్డ్‌డిస్కు తగిలించి పెళ్లి ఫొటోలో, పిల్లల వీడియోలో, ఆఫీసు ఫైళ్లో కాపీ చేయబోతే గంటలు గడిచిపోతాయి. అప్పుడు చూపు పక్కనున్న ఖాళీ స్లాటు మీద పడుతుంది. అందులో ఒక చిన్న కార్డు పెడితే యూఎస్‌బీ 3.0 పోర్టులు వస్తాయంటారు. పెట్టుకోవచ్చా?

దీనికి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. పదింతల వేగం వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. దండగ ఖర్చు, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమని మరికొందరు చెబుతారు. రెండూ తొందరపాటు మాటలే. నా అభిప్రాయం ముందే చెబుతాను: స్లాటు ఉన్న యంత్రానికి, ముఖ్యంగా హార్డ్‌డిస్కు బ్యాకప్‌ల కోసం, ఈ కార్డు ఇప్పటికీ విలువైన వస్తువే. అయితే కార్డు డబ్బా మీద అచ్చువేసిన వేగాన్ని చూసి కొంటే నిరాశ తప్పదు. చూడాల్సినవి వేరే నాలుగున్నాయి: ల్యాప్‌టాప్ లోపల ఆ స్లాటు దాకా వచ్చే దారి, కార్డుకు అందే కరెంటు, దాని మీది చిప్పు, మనం తగిలించబోయే పరికరం.

లోటు ఎలా ఏర్పడింది

యూఎస్‌బీ 2.0 ప్రమాణం 2000 ఏప్రిల్‌లో వచ్చింది. సెకనుకు 480 మెగాబిట్లు దాని గరిష్ఠ వేగం. కాగితం మీద అది 60 మెగాబైట్లు అవుతుంది గానీ, ఒకే జత తీగల మీద డేటా ఒకసారి ఇటు, ఒకసారి అటు ప్రయాణించాలి, ప్రతి అడుగుకీ కంప్యూటరే పరికరాన్ని పలకరిస్తూ ఉండాలి. అందువల్ల చేతికందేది సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లే. పెన్‌డ్రైవ్‌ల కాలంలో అది ఎక్కువే అనిపించింది. హార్డ్‌డిస్కులు సెకనుకు వంద మెగాబైట్లు దాటేసరికి పోర్టే ఇరుకైపోయింది.

2008 నవంబరులో యూఎస్‌బీ 3.0 ప్రమాణం సిద్ధమైంది. పాత నాలుగు పిన్నులకు మరో ఐదు చేర్చి, వెళ్లే దారిని, వచ్చే దారిని విడదీసి, వేగాన్ని సెకనుకు 5 గిగాబిట్లకు పెంచారు. మరుసటి ఏడాదే ఎన్‌ఈసీ సంస్థ మొదటి కంట్రోలర్ చిప్పును తెచ్చింది. కానీ ల్యాప్‌టాప్‌లలోకి ఆ పోర్టు రావడం ఆలస్యమైంది. ఏఎండీ 2011లో, ఇంటెల్ 2012లో మాత్రమే తమ చిప్‌సెట్లలో దాన్ని సొంతంగా చేర్చాయి. అంతదాకా ల్యాప్‌టాప్ తయారీదారు కావాలనుకుంటే విడిగా ఒక చిప్పు కొని బోర్డు మీద అతికించాలి. ఖర్చు కాబట్టి చాలామంది మానేశారు. 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220 ఇందుకు మంచి ఉదాహరణ. కోర్ ఐ7 ప్రాసెసర్ ఉన్న రకానికి ఒక యూఎస్‌బీ 3.0 పోర్టు ఇచ్చారు. ఐ5, ఐ3 రకాలకు అన్నీ యూఎస్‌బీ 2.0 పోర్టులే. శరీరం ఒకటే, పేరు ఒకటే, పోర్టు మాత్రం వేరు.

ఇలా సుమారు 2006 నుంచి 2011 దాకా తయారైన ల్యాప్‌టాప్‌లు ఒక సంధికాలపు యంత్రాలుగా మిగిలాయి. వీటిలో థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ఆఫీసు రకాలు గట్టిగా కట్టినవి. కంపెనీలు లీజు గడువు తీరాక వదిలించుకుంటే అవి సికింద్రాబాద్ సీటీసీకి, బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు, చెన్నై రిచీ స్ట్రీట్‌కు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌కు, అంటే కంప్యూటర్ బజార్లకు చేరాయి. అక్కడి నుంచి విద్యార్థుల చేతికి, చిన్న వ్యాపారుల చేతికి వచ్చాయి. వాళ్లకు ఈ ప్రశ్న ఊసుపోక వేసేది కాదు. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు ఉన్నదాన్ని ఎంత దూరం లాగగలమన్నదే అసలు సంగతి.

లాభం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. 500 గిగాబైట్ల డేటాను సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున పంపితే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. 110 మెగాబైట్ల చొప్పున పంపితే గంటా పావు. బ్యాకప్ తీయడం వాయిదా వేసే మనిషికీ, వారం వారం తీసే మనిషికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఇదే. డిస్కు పోయి ఏళ్ల తరబడి దాచుకున్నవన్నీ ఒక్కసారిగా పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ చిన్న కార్డు సంగతి నాకు చిన్నదిగా కనిపించదు.

స్లాటును గుర్తుపట్టడం

ల్యాప్‌టాప్ పక్కన కనిపించే సందు ప్రతిదీ ఒకటే కాదు. మూడు రకాలు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి.

మొదటిది పీసీకార్డు స్లాటు. 54 మిల్లీమీటర్ల వెడల్పుతో, లోపల 68 పిన్నులతో ఉంటుంది. దానిలో తర్వాత వచ్చిన రూపాన్ని కార్డ్‌బస్ అంటారు. కంప్యూటర్ లోపలి భాగాలను కలిపే పాత పీసీఐ దారినే ల్యాప్‌టాప్ అంచుకు తెచ్చిన ఏర్పాటు అది. సెకనుకు 133 మెగాబైట్లు దాని గరిష్ఠ వేగం, దాన్నీ ఇతర పరికరాలతో పంచుకోవాలి. యూఎస్‌బీ 1.1 మాత్రమే ఉన్న యంత్రానికి యూఎస్‌బీ 2.0 చేర్చడానికి ఇది ఎంతో ఉపకరించింది. యూఎస్‌బీ 3.0కి మాత్రం ఆ దారి సరిపోదు.

రెండోది మనకు కావలసిన ఎక్స్‌ప్రెస్‌కార్డు. పీసీకార్డు ప్రమాణాన్ని రూపొందించిన పీసీఎంసీఐఏ సంఘమే దీన్ని 2003లో తెచ్చింది. కార్డు మందం 5 మిల్లీమీటర్లు, కనెక్టరులో 26 పిన్నులు. వెడల్పులో రెండు రకాలు: 34 మిల్లీమీటర్లది, 54 మిల్లీమీటర్లది. రెండోదాని ముందు భాగం వెడల్పుగా, కనెక్టరు వైపు 34కు కుదించి, ఎల్ ఆకారంలో ఉంటుంది. పెద్ద స్లాటులో చిన్న కార్డు పడుతుంది గానీ చిన్న స్లాటులో పెద్ద కార్డు పట్టదు. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు 34 రకం కొనడమే క్షేమం.

మూడోది స్మార్ట్‌కార్డు స్లాటు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఉద్యోగి గుర్తింపు కార్డు పెట్టడానికి ఇచ్చేది. ఏటీఎం కార్డు మందమే పడుతుంది. దీన్ని చూసి ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటని పొరబడి కార్డు తెప్పించుకునే ప్రమాదం ఉంది. స్లాటులో ప్లాస్టిక్ డమ్మీ ఉంటే దాన్ని బయటికి తీసి, మందం, ఆకారం చూస్తే సందేహం తీరుతుంది. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు పెట్టి తయారీదారు ఇచ్చిన సర్వీసు మాన్యువల్‌లో చూడటం ఇంకా మంచిది, ఎందుకంటే ఒకే మోడల్‌లో కొన్ని యంత్రాలకు ఎక్స్‌ప్రెస్‌కార్డు, కొన్నింటికి వేరే స్లాటు ఇవ్వడం ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో మామూలే.

పీసీకార్డు స్లాటులో ఎక్స్‌ప్రెస్‌కార్డు పెట్టుకునే అడాప్టర్లూ కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఎక్స్‌ప్రెస్‌కార్డులోని యూఎస్‌బీ 2.0 తీగలను మాత్రమే కలుపుతాయి. యూఎస్‌బీ 3.0 కార్డు వాటితో పనిచేయదు.

దారి ఎంత వెడల్పు

ఎక్స్‌ప్రెస్‌కార్డు గొప్పతనమూ పరిమితీ ఒకేచోట ఉన్నాయి. ఈ స్లాటులోకి రెండు దారులు వస్తాయి: ఒకటి యూఎస్‌బీ 2.0, రెండోది పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక లేన్. ఏ దారి వాడుకోవాలో కార్డే ఎంచుకుంటుంది. యూఎస్‌బీ 3.0 కావాలంటే కార్డు మీద ఒక కంట్రోలర్ చిప్పు ఉండి, అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్‌ను పట్టుకోవాలి. అంటే బయటి డిస్కు నుంచి వచ్చే ప్రతి బైటూ ఆ ఒక్క లేన్ మీదుగానే లోపలికి పోవాలి. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నా పారేది తూము కొద్దీ కదా.

ఆ తూము రెండు కొలతల్లో ఉంది. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్ సెకనుకు 2.5 గిగాబిట్లు మోస్తుంది. ప్రతి 8 బిట్లకు 10 బిట్లు పంపే సంకేత పద్ధతి వల్ల అందులో అసలు డేటా సెకనుకు 250 మెగాబైట్లు. ప్యాకెట్ల బరువు తీసేస్తే 200 మెగాబైట్లకు కాస్త అటూ ఇటూ మిగులుతుంది. రెండో తరం లేన్ 5 గిగాబిట్లది. లెక్కకు 500 మెగాబైట్లు, చేతికి సుమారు 400.

మన ల్యాప్‌టాప్ ఏ తరానిదో తెలుసుకోవడంలోనే కిటుకు ఉంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరం ప్రమాణం 2007లోనే వచ్చింది. అయినా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌సెట్లలో ఇలాంటి స్లాట్లకు వెళ్లే లేన్లు 2010 నాటి 5 సిరీస్ దాకా 2.5 గిగాబిట్ల దగ్గరే ఉండిపోయాయి. 2010 యంత్రాల వివరాల్లో రెండో తరం అని రాసి ఉన్నా నడిచే వేగం మాత్రం పాతదే. 2011లో శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లతో వచ్చిన 6 సిరీస్ చిప్‌సెట్లలో అది 5 గిగాబిట్లకు పెరిగింది. కాబట్టి థింక్‌ప్యాడ్ టీ400, టీ410, ల్యాటిట్యూడ్ ఈ6400 వంటివాటిలో కార్డు ఎంత మంచిదైనా 200 దగ్గర ఆగిపోతుంది. థింక్‌ప్యాడ్ ఎక్స్220, టీ420 తరంలో 400 దాకా పోగలదు.

ఈ అంకెలు చూసి మొదటి రకం యంత్రాలవాళ్లు నీరుగారిపోనక్కర్లేదు. రెండున్నర అంగుళాల బయటి హార్డ్‌డిస్కు తానుగా ఇచ్చేదే సెకనుకు 100 నుంచి 130 మెగాబైట్లు. పాత లేన్ అయినా దాన్ని పూర్తిగా మోయగలదు. ఇరుకు ఎదురయ్యేది ఎస్‌ఎస్‌డీ తగిలించినప్పుడే. అప్పుడు కూడా యూఎస్‌బీ 2.0తో పోలిస్తే ఐదింతలు దక్కుతుంది.

ఇదే లెక్కతో ఇంకో భ్రమ తీరుతుంది. 10 గిగాబిట్లని రాసిన కార్డులు కూడా ఇదే స్లాటుకు దొరుకుతాయి. లేన్ 5 గిగాబిట్లదైతే ఆ పెద్ద అంకె అలంకారమే. యూఎస్‌బీ 3.0, యూఎస్‌బీ 3.1 జెన్ 1, యూఎస్‌బీ 3.2 జెన్ 1 అనే మూడు పేర్లూ ఒకే 5 గిగాబిట్ల వేగానివి కాబట్టి, కొత్త పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఒక్క లేన్ మరీ తక్కువేమో అనుకునేవాళ్లకు రాస్ప్‌బెర్రీ పై 4 మంచి సమాధానం. 2019లో వచ్చిన ఆ బోర్డులో యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండూ వీఐఏ సంస్థ వీఎల్805 చిప్పు ద్వారా, రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఒక్క లేన్ మీదే నడుస్తాయి. 2011 నాటి ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ప్రెస్‌కార్డు పెట్టినప్పుడు ఏర్పడేది అచ్చంగా అదే అమరిక. పైగా ఆ లేన్‌లో వెళ్లే దారి, వచ్చే దారి వేర్వేరు. ఒక పోర్టులోని డిస్కు నుంచి రెండో పోర్టులోని డిస్కుకు కాపీ చేస్తే చదవడం ఒక దిక్కున, రాయడం ఇంకో దిక్కున సాగుతాయి గనుక వేగం సగానికి పడిపోదు.

కరెంటు దగ్గర వచ్చే తంటా

కార్డు కొని నిరాశపడేవాళ్లలో ఎక్కువమందికి అసలు శత్రువు వేగం కాదు, కరెంటు. యూఎస్‌బీ పోర్టు 5 వోల్టులు ఇవ్వాలి. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల దాకా, అంటే 4.5 వాట్ల దాకా అందించాలి. ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటులోకి వచ్చేవేమో 3.3 వోల్టులు, 1.5 వోల్టులు. 5 వోల్టుల తీగే అక్కడ లేదు. కార్డు తన మీదున్న చిన్న సర్క్యూటుతో 3.3ను 5కు పెంచుకోవాలి. స్లాటు ఇచ్చే మొత్తం శక్తి ఒక్క పోర్టుకే చాలీచాలనంత. రెండు పోర్టులకు పూర్తిగా ఇవ్వడం సాధ్యం కాదు.

అందుకే చాలా కార్డులకు పక్కన ఒక గుండ్రటి పవర్ రంధ్రం ఉంటుంది. దానికి 5 వోల్టుల అడాప్టర్ పెట్టాలి, లేదా ల్యాప్‌టాప్‌లోని మరో యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు తెచ్చే తీగ తగిలించాలి. ఈ తీగ డబ్బాలో వస్తుంది, చాలామంది పక్కన పడేస్తారు. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు అంతా బాగానే ఉంటుంది. హార్డ్‌డిస్కు పెట్టగానే టక్ టక్‌మని చప్పుడు, కనిపించి మాయమవడం, కాపీ మధ్యలో ఆగడం మొదలవుతాయి. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది లాగే కరెంటు ఆంపియర్ దాకా పోతుంది. కార్డు అది ఇవ్వలేకపోతుంది. డిస్కు పాడైందనుకుని మార్చేసేవాళ్లూ ఉంటారు.

పరిష్కారం సులువే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ 3.0 హబ్ ఒకటి కార్డుకు తగిలించి, డిస్కును హబ్‌కు పెట్టాలి. లేదా సొంత కరెంటుతో నడిచే మూడున్నర అంగుళాల డెస్క్‌టాప్ డిస్కు వాడాలి. అప్పుడు కార్డు డేటా మాత్రమే మోస్తుంది, కరెంటు భారం దానిమీద పడదు. ఇంట్లో బల్ల మీద పెట్టి బ్యాకప్ తీసుకునేవారికి ఇదే అన్నింటికన్నా నిలకడైన ఏర్పాటు. ఈ పోర్టుల మీద ఫోన్ చార్జింగ్ ఆశ పెట్టుకోకూడదు.

చిప్పు, డ్రైవరు

కార్డు మీద పేరు ఎవరిదైనా లోపలి చిప్పు కొద్దిమందిదే. ఎన్‌ఈసీ మొదటి చిప్పు పీడీ720200. 2010లో ఎన్‌ఈసీ ఎలక్ట్రానిక్స్ రెనెసాస్‌లో కలిసిపోవడంతో తర్వాతివి ఆ పేరుతో వచ్చాయి. ఇవి కాక ఫ్రెస్కో లాజిక్, ఏఎస్‌మీడియా, వీఐఏ, ఈట్రాన్ చిప్పులు ఉన్నాయి. అన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తాయి కాబట్టి నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వీటిని మామూలుగా గుర్తుపడతాయి.

లినక్స్‌లో ఈ సదుపాయం అన్నింటికన్నా ముందు వచ్చింది. ఇంటెల్ ఇంజినీరు సారా షార్ప్ రాసిన డ్రైవరు 2009 సెప్టెంబరులో విడుదలైన 2.6.31 కెర్నెల్‌లో చేరింది. అప్పటికి మార్కెట్లో యూఎస్‌బీ 3.0 పరికరాలే లేవు. విండోస్ 8తో, అంటే 2012లో, మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవరు ఇచ్చింది. విండోస్ 7కు చిప్పు తయారీదారు డ్రైవరు విడిగా వేసుకోవాలి; ఏ చిప్పో తెలియకుండా కొంటే అక్కడే ఇరుక్కుంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఈ వయసు యంత్రాలను అధికారికంగా ఒప్పుకోదు. కాబట్టి వీటిలో చాలావాటి భవిష్యత్తు లినక్స్‌తోనే ముడిపడి ఉంది. కార్డు విషయంలో అది కలిసొచ్చే సంగతే.

కార్డు పెట్టాక నిజంగా ఏం దక్కిందో తేల్చుకోవాలి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం కంట్రోలర్‌ను, దాని లేన్ వేగాన్ని చూపిస్తుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశాన్ని చెట్టు రూపంలో చూస్తే డిస్కు పక్కన 5000 అని కనిపించాలి, 480 అని ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్ కొత్తగా చేరిందో లేదో చూడాలి. అది కనిపించకుండా మామూలు హబ్ మాత్రమే వచ్చిందంటే ఆ కార్డు యూఎస్‌బీ 2.0 తీగల మీద నడుస్తున్నట్టు లెక్క. నీలం రంగు ప్లాస్టిక్ ఎవరైనా బిగించవచ్చు. కంట్రోలర్‌ను అలా సృష్టించలేరు.

వాడకంలో ఎదురయ్యేవి

ఈ కార్డు నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయడం సాధారణంగా కుదరదు. ఆ కాలపు బయోస్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవరు ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను పాత పోర్టులోనే పెట్టాలి.

పెద్ద స్లాటులో చిన్న కార్డు పెడితే ఒకపక్క ఆధారం లేక ఊగుతుంది. చాలా స్లాట్లలో కార్డును బిగించి పట్టే గట్టి తాళం లేదు. కేబుల్ లాగినప్పుడు కార్డు జరిగితే డిస్కుతో కనెక్షన్ మధ్యలో తెగిపోతుంది, ఫైళ్లు పాడవుతాయి. 34 నుంచి 54కు వెడల్పు కలిపే ప్లాస్టిక్ ముక్క దొరికితే వాడాలి. మెత్తటి కేబుల్ మేలు. డిస్కును ఎప్పుడూ సేఫ్‌గా ఎజెక్ట్ చేశాకే తీయాలి. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి లేపినప్పుడు కార్డు కనిపించకపోవడం కూడా ఉంది. ముందు డిస్కు తీసేసి స్లీప్‌లో పెట్టడం మంచి అలవాటు.

యూఎస్‌బీ 3.0 సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు అడ్డుతగులుతుందని 2012లో ఇంటెల్ ఒక పత్రంలో వివరించింది. కార్డు పక్కనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ ఉంటే మౌస్ తడబడవచ్చు, వైఫై మందగించవచ్చు. రిసీవర్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చితే సరిపోతుంది.

కార్డు అక్కర్లేని దారులు

సమీక్ష పూర్తి కావాలంటే పక్క దారులూ చూడాలి. కొందరి విషయంలో సమాధానం ల్యాప్‌టాప్‌లోనే ఎప్పుడో ఉంది.

ఒకటి, ఈసాటా, అంటే బయటి డిస్కుల కోసం ఇచ్చే పోర్టు. టీ420, ల్యాటిట్యూడ్ ఈ6420 వంటివాటిలో ఒక యూఎస్‌బీ పోర్టు ఈసాటా పోర్టుగానూ పనిచేస్తుంది. దాని వేగం సెకనుకు 3 గిగాబిట్లు. హార్డ్‌డిస్కుకు కావలసినదానికన్నా ఎక్కువ. ఈసాటా ఉన్న డిస్కు డబ్బా, సొంత అడాప్టర్ ఉంటే కార్డే అక్కర్లేదు.

రెండు, నెట్‌వర్క్ కేబుల్. గిగాబిట్ ఈథర్‌నెట్ సెకనుకు దాదాపు 110 మెగాబైట్లు ఇస్తుంది. యూఎస్‌బీ 2.0కు మూడింతలు. ఇంట్లో మరో కొత్త కంప్యూటర్ ఉంటే డిస్కును దానికి పెట్టి, రెండింటినీ ఒక కేబుల్‌తో కలిపి ఫైళ్లు పంపుకోవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఈ పోర్టు దాదాపు అన్నింటికీ ఉంది, వాడేవాళ్లే తక్కువ.

మూడు, డీవీడీ డ్రైవ్ స్థానంలో ట్రే పెట్టి రెండో డిస్కును లోపలే అమర్చుకోవడం. రోజూ వాడే డేటాకు ఇది బయటి పోర్టు కన్నా నయం. నాలుగు, లోపలున్న మినీ పీసీఐఈ స్లాటు నుంచి యూఎస్‌బీ 3.0 తెచ్చే అడాప్టర్లు. మూత తెరిచి తీగలు బయటికి లాగాల్సిన పని, పైగా కొన్ని థింక్‌ప్యాడ్‌ల బయోస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు. అందరికీ తగదు. ఐదు, 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోలు. వాటిలో యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉన్నా 10 గిగాబిట్ల థండర్‌బోల్ట్ ఉంది. పాత థండర్‌బోల్ట్ డాక్ దొరికితే యూఎస్‌బీ 3.0 దాని ద్వారా వస్తుంది.

పనికిరాని దారి కూడా ఒకటి చెప్పాలి. యూఎస్‌బీ 2.0 పోర్టుకు యూఎస్‌బీ 3.0 హబ్ తగిలిస్తే వేగం పెరగదు. డిస్కు కొత్తదే, హబ్ కొత్తదే, కేబుల్ కొత్తదే అయినా ల్యాప్‌టాప్ వైపు 480 మెగాబిట్లే.

ఎవరు కొనాలి, ఎవరు వద్దు

ఎక్స్‌ప్రెస్‌కార్డు స్లాటు ఉండి, ఈసాటా లేక, తరచూ హార్డ్‌డిస్కు బ్యాకప్‌లు తీసేవారు నిస్సంకోచంగా కొనవచ్చు. పవర్ రంధ్రం ఉన్న, చిప్పు పేరు స్పష్టంగా చెప్పిన 34 మిల్లీమీటర్ల కార్డు తీసుకోవాలి. ఫొటోగ్రాఫర్లు కార్డు రీడర్ పెట్టుకోవడానికి కూడా ఇది బాగుంటుంది. రీడర్ లాగే కరెంటు తక్కువ.

ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం కోరేవారికి, బయటి డిస్కు మీదే వీడియో ఎడిటింగ్ చేయాలనుకునేవారికి ఇది చాలదు. యంత్రం లోపల ఇంకా పాత హార్డ్‌డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీకి డబ్బు పెట్టాలి. కాపీ వేగం రెండు చివరల్లో నెమ్మదైనదాన్ని బట్టే ఉంటుంది. లోపలి డిస్కు అలసిపోయిందైతే బయటి పోర్టు మార్చి ప్రయోజనం లేదు. స్లాటు లేనివాళ్లు దీనికోసం సాహసాలు చేయకుండా నెట్‌వర్క్ కేబుల్‌ను ఆశ్రయించడం తెలివైన పని.

తలుపు వదిలిపెట్టిన డిజైన్

ఎక్స్‌ప్రెస్‌కార్డు 2003లో రూపుదిద్దుకుంది. యూఎస్‌బీ 3.0 పుట్టింది 2008లో. రాబోయేది ఏమిటో తెలియని ఇంజినీర్లు, ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్‌ను ల్యాప్‌టాప్ అంచుదాకా తెచ్చి, వాడేవాడి చేతికి అందేలా వదిలిపెట్టారు. అందుకే 2008లో కొన్న యంత్రానికి ఆ తర్వాత పుట్టిన పోర్టు అందింది. యూఎస్‌బీ రూపకర్తల్లో ముఖ్యుడిగా పేరున్న, వడోదరలో చదువుకున్న ఇంటెల్ మాజీ ఇంజినీరు అజయ్ భట్ చేయి పీసీఐ ఎక్స్‌ప్రెస్ రూపకల్పనలోనూ ఉంది. ఈ చిన్న కార్డులో ఆ రెండూ కలుస్తాయి.

2012 తర్వాత ల్యాప్‌టాప్‌లు పలచబడ్డాయి, స్లాటు మాయమైంది. పీసీఎంసీఐఏ సంఘమే 2009లో రద్దయి, దాని పనులు యూఎస్‌బీ ప్రమాణాల సంస్థకు వెళ్లాయి. అయితే ఆలోచన చచ్చిపోలేదు. థండర్‌బోల్ట్ పోర్టు ద్వారా పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి నేటికీ బయటికి వస్తోంది. 2019లో వచ్చిన యూఎస్‌బీ4లోనూ ఆ ఏర్పాటుకు చోటుంది. ఈరోజు కొత్త ల్యాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్ పేరు, స్క్రీన్ సైజు చూసినంత శ్రద్ధగా ఈ విషయమూ అడగాలి: లోపలి దారి ఒక్కటైనా నా చేతికి అందుతుందా, ర్యామ్ మార్చుకోగలనా, డిస్కు విప్పగలనా? ఇవి అడిగేవాళ్లు పెరిగితే అలా తయారు చేసేవాళ్లూ పెరుగుతారు.

ప్రస్తుతానికి చేతిలో ఉన్న పాత యంత్రం విషయానికొస్తే, ఈ వారమే దాని మోడల్ నంబరు చూడండి, స్లాటు డమ్మీ తీసి చూడండి, ఈసాటా గుర్తు ఉందేమో వెతకండి. కార్డో, ఈసాటానో, నెట్‌వర్క్ కేబులో ఏదో ఒక దారి కుదిరితే బ్యాకప్ పని గంటల నుంచి గంటకు దిగుతుంది. దొరికిన ఆ వెసులుబాటును మొదట మీ ఇంటి ఫొటోల నకలు తీయడానికి వాడండి.